కంట్రోల్, ఆల్ట్, మా ఆవిడ

తప్పులు పట్టడం నా వృత్తి. ఈ మాట మా ఆవిడ ముందు అనలేను కనుక ఇక్కడ అంటున్నాను.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో ఏ మీట నొక్కితే ఏ కొంప అంటుకుంటుందో కనిపెట్టి, ఆ సంగతి వాళ్ళ మొహం మీదే చెప్పి, వాళ్ళ చేత చివాట్లు తిని జీతం తెచ్చుకుంటాను. పద్నాలుగేళ్ళ సర్వీసు. నా కన్ను పడితే తప్పు తప్పించుకోలేదని ఆఫీసులో పేరు.

ఇప్పుడు చెప్పబోయేది నా కన్ను పడని తప్పు గురించి. అది చేసింది కూడా నేనే.

అసలు గొడవంతా గోళీల దగ్గర మొదలైంది. కంప్యూటర్లో ఒక ఆట ఉంది. రంగురంగుల గోళీలు పైనుంచి దొర్లుకుంటూ వస్తాయి. ఒకే రంగువి మూడు చేరిస్తే టప్పున పేలిపోతాయి. అంతకు మించి అందులో ఏమీ లేదు. కాని నూరు మెట్లున్నాయి, ఒకటి ఎక్కితే రెండోది పిలుస్తుంది.

ఇంత వయసొచ్చి గోళీలాటేమిటని మీరు మనసులో అనుకుంటారు. మా ఆవిడ పైకే అన్నది. నేను అరవై ఒకటో మెట్టు మీద ఉన్న రోజున పొయ్యి మీద పాల గిన్నె మాడి, గిన్నెకీ పాలకీ తేడా తెలియకుండా పోయింది. ఆ మర్నాడు నన్ను కూర్చోబెట్టింది.

"మానేస్తారా?"

"మానేశాను."

"ఒట్టు వెయ్యండి."

"ఒట్టెందుకు? నా మీద నమ్మకం లేదా?"

"లేదు కాబట్టే అడుగుతున్నాను."

ఒట్టు వేశాను. అది నిలబడింది కూడా, సోమవారం నుంచి బుధవారం దాకా.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. అందరం అడ్డదారి అంటాం. ఆఫీసుకి కూడా ముందు గుమ్మంలోంచి రాడు, వెనక జనరేటరు గదిలోంచి వస్తాడు. ఆయనా గోళీల భక్తుడే, అప్పటికి తొంభై నాలుగో మెట్టు. నా కష్టం విని భుజం తట్టాడు.

"నీకు కావలసింది వైరాగ్యం కాదు గురూ. ఒక మీట."

ఆ మీట నేనే తయారుచేశాను. చిన్న ప్రోగ్రాం, ఒక మధ్యాహ్నం పని. కంట్రోల్, ఆల్ట్, ఎల్, ఈ మూడు మీటలూ కలిపి నొక్కితే తెర మీద ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయి, దాని స్థానంలో ఒక ఆఫీసు పట్టిక లేస్తుంది. మళ్ళీ నొక్కితే పట్టిక పోయి గోళీలు వస్తాయి. కంప్యూటర్ ఎప్పుడు వేసినా ఈ ప్రోగ్రాం కూడా తనంతట తానే లేచి, కంటికి కనపడకుండా లోపల కూర్చుంటుంది.

పట్టిక కోసం మాత్రం చాలా శ్రద్ధ తీసుకున్నాను. పైన ఎర్రక్షరాలతో 'ఫిబ్రవరి నెల పరీక్షా ఫలితాలు' అని శీర్షిక పెట్టాను. కింద ఒకటి నుంచి ముప్పై దాకా తారీఖులన్నీ వరసగా కొట్టి, పక్కన నోటికొచ్చిన అంకెలు నింపాను. చూస్తే నాకే నా మీద గౌరవం కలిగింది.

వారానికి మూడు రోజులు నాకు ఇంటి నుంచే పని. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే కంప్యూటర్, భోజనాల బల్ల పక్కన కిటికీ దగ్గర. ఆఫీసు పని తొందరగా ముగించి గోళీలు తీసేవాణ్ణి. వంటింట్లోంచి చెప్పుల చప్పుడు వినపడగానే మూడు వేళ్ళు ఆడించేవాణ్ణి. మా ఆవిడ వచ్చి నా భుజం మీదుగా తెరలోకి చూసేది.

"ఇంకా అదే పట్టికా?"

"పెద్ద పట్టిక."

"ముప్పై రోజులూ పనిచేశారా?"

"ఒక్క రోజు కూడా వదల్లేదు."

"పాపం," అని టీ కప్పు పక్కన పెట్టి వెళ్ళేది.

రెండు వారాల్లో తొంభై ఆరో మెట్టు ఎక్కాను. ఆ సుఖం అలాగే సాగుతుందనుకున్నాను.

మా ఆవిడ చిన్నప్పుడు ఒక పరాయి దేశపు భాష చదువుకుంది. దాని పేరు నేను ఇప్పటికీ సరిగ్గా పలకలేను కనుక రాయడం లేదు. ఇంగ్లీషు అక్షరాలే గాని కొన్నింటికి తోకలుంటాయి, కొన్నింటికి నెత్తిన చుక్కలూ గీతలూ ఉంటాయి, ఒక ఎల్‌కి అడ్డంగా కత్తిపోటు కూడా ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఆ భాషే పాఠాలు చెప్పేది. తర్వాత నా ఉద్యోగం కోసం ఊరు మారాం. పాఠాలు ఆగిపోయాయి. నేను మాత్రం ఆగలేదు, ప్రమోషన్ల మీద ప్రమోషన్లు తెచ్చుకున్నాను.

ఒక శనివారం మా ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్లో వచ్చిన ఉత్తరం చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివింది.

హోటళ్ళ రిసెప్షన్లో వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ ఒకటి తమ సరుకును ఆ దేశంలో అమ్మబోతోంది. ఇరవై రెండు పేజీల గైడు పుస్తకాన్ని ఆ భాషలోకి మార్చి శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా పంపాలి. ఆ వెంటనే కంపెనీ ఆఫీసరమ్మ అక్కణ్ణించే మా తెర చూస్తూ మా ఆవిడ చేత ఒక పేజీ కొట్టిస్తుంది. నచ్చితే ఉద్యోగం, ఇంట్లోంచే చేసుకోవచ్చు.

"పదకొండేళ్ళ తర్వాత నన్ను నా చదువు చూసి పిలిచారు," అంది. "ఇది పోతే మళ్ళీ ఎవర్నైనా అడగడానికి నాకు మొహం చెల్లదండీ."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను అంత చెడ్డవాణ్ణేం కాదు. అప్పటికప్పుడు వారం రోజులు సెలవు పెట్టేశాను. కంప్యూటర్ నీది, ఇంటి పని నాది అని ప్రకటించాను. మా ఆవిడ కళ్ళు చెమర్చాయి. మధ్యాహ్నం తను ఓ గంట నడుం వాలుస్తుందనీ, అప్పుడు తొంభై ఆరో మెట్టు సంగతి చూడొచ్చనీ నాకు తట్టినమాట నిజమే, కాని అది తర్వాత తట్టింది.

సోమవారం పదింటికి నేను గిన్నెలు తోముతుంటే పిలుపు వచ్చింది.

"ఏమండీ, మీ ఆఫీసు నా హోటల్లోకి వచ్చింది."

సబ్బు చేతులతోనే పరిగెత్తాను. తెర మీద హోటలూ లేదు, గైడూ లేదు. ఎర్రక్షరాలతో ఫిబ్రవరి నెల పరీక్షా ఫలితాలున్నాయి.

"ఏం నొక్కావు?"

"నా అక్షరం నేను కొట్టుకున్నాను. అడ్డగీత ఎల్."

"ఎలా?"

"కుడి పక్క ఆల్ట్ పట్టుకుని ఎల్ నొక్కితే పడుతుంది. కీబోర్డుని ఆ భాషకి మార్చుకున్నాంగా. ఆ దేశంలో చంటిపిల్లలు కూడా అలాగే కొడతారు."

ఇక్కడ మీకో చిన్న రహస్యం చెప్పాలి. అలాంటి భాషల్లో కుడి పక్క ఆల్ట్ నొక్కితే, కంప్యూటర్ దాన్ని కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి నొక్కినట్టే లెక్కవేసుకుంటుంది. అంటే మా ఆవిడ తన ఎల్ రాసుకున్నప్పుడల్లా నా దొంగమీట నొక్కినట్టే. ఇంకొక్కసారి నొక్కితే గోళీలు.

"ఏదీ ముట్టుకోకు," అన్నాను. "వైరస్. నువ్వెళ్ళి ఓ పావుగంట పడుకో."

ఆ ప్రోగ్రాం పీకి పారేస్తే పోయేదిగా అని మీరంటారు. అనడం తేలిక. అడ్డదారి అప్పటికి తొంభై ఏడుకి చేరాడని పొద్దున్నే కబురొచ్చింది. అందుకని ప్రోగ్రాం ఉంచి, అక్షరం ఒక్కటే మార్చాను. ఎల్ తీసి ఎస్ పెట్టాను.

"తీసేశాను," అన్నాను. "చిన్నదే."

సరిగ్గా ఇరవై నిమిషాలకి, "ఏమండీ, ఇప్పుడు ఎస్."

ఆ భాషలో ఎస్‌కి నెత్తిన గీతుంటుందట. ఎస్ తీసి ఎన్ పెట్టాను. ఎన్‌కీ ఉంది గీత. ఎన్ తీసి ఓ పెట్టాను. గుండ్రంగా నున్నగా ఉండే ఓ మీద ఎవడు గీత పెడతాడనుకున్నాను. పెట్టారు.

"మీ వైరస్ బాగా చదువుకున్నట్టుంది," అంది మా ఆవిడ. "అక్షరాలన్నీ వచ్చు."

ఎన్ని అక్షరాలకి గీతలున్నాయో అడిగితే సరిపోయేది. అడిగితే వైరస్‌కి అక్షరాల లెక్కెందుకని తను అడుగుతుంది. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని సాయంత్రానికి సీ దాకా వచ్చాను.

పాపభీతి చాలా చెడ్డది. సోమవారం గిన్నెలూ బట్టలూ చేశాను. మంగళవారం ఎవరూ అడక్కుండానే కిటికీ ఊచలు తుడిచాను, పరుపులు తిరగేశాను, పాత డబ్బాల మూతలన్నీ వెతికి ఏ డబ్బా మూత ఆ డబ్బాకి పెట్టాను. మా ఆవిడ ఒకసారి తలెత్తి చూసింది.

"పరుపులెందుకు తిరగేశారు?"

"నేనేం చేశాను?" అన్నాను గుమ్మడికాయల దొంగలాగా.

ఆ సాయంత్రం మామగారు వచ్చారు. మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటారు. ముప్పై ఏళ్ళు టైపు నేర్పించారు. మనిషి పొడుగు, మాట తక్కువ. మాటకీ మాటకీ మధ్య చాలా ఖాళీ వదులుతారని ఆయన శిష్యులు స్పేస్‌బారు మాస్టారు అనేవారు. ఆయన మనుషుల మొహాలు చూడరు, వేళ్ళు చూస్తారు. నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా "చిటికెనవేలు బలహీనం," అని ఒక్క మాటే అన్నారట.

"అమ్మాయి రమ్మంది," అన్నారు, కాసేపు ఖాళీ వదిలారు. "మీట తిరగబడుతోందట."

కుర్చీ లాక్కుని మా ఆవిడ వెనక కూర్చుని, గీతల నోటుపుస్తకం తీశారు. సోమవారం సంగతులు కూతుర్ని అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత నేను కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడల్లా ఆయన కుర్చీ కొంచెం ముందుకి జరిగేది.

బుధవారం పొద్దున నేను టీ పెట్టి తెస్తే ఆయన పుస్తకం చదివి వినిపించారు.

"సోమవారం పదింటికి ఎల్. అల్లుడుగారు వైద్యం చేశారు. పదిన్నరకి ఎస్. అల్లుడుగారు వైద్యం చేశారు. పన్నెండింటికి ఎన్. వైద్యం. రెండున్నరకి ఓ. వైద్యం." కళ్ళజోడు తీశారు. "అల్లుడుగారూ, జబ్బు ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి తనంతట తాను వెళ్ళడం లేదు. వైద్యుడు చెయ్యిపట్టుకుని తీసుకెళ్తున్నాడు."

చేతిలో కప్పు ఆయన ముందు పెట్టి వంటింటి వైపు తిరిగాను.

"నాన్నా, ఆయన్నేం అనకండి," అంది మా ఆవిడ కీబోర్డు మీంచి చెయ్యి తీయకుండా. "పాపం, సెలవు పెట్టి మరీ చేస్తున్నారు."

ఆ మాటకి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇలాంటి ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుందనుకున్నాను. ఆ ఊపులో కూర కూడా కాస్త రుచిగా వండాను.

బుధవారం మధ్యాహ్నం అదృష్టం తిరిగింది. మా ఆవిడ కంప్యూటర్ పక్క గోడకి ఒక కాయితం అంటించింది. దాని మీద ఆ భాషలోని గీతల అక్షరాలన్నీ వరసగా రాసి ఉన్నాయి. మొత్తం తొమ్మిది. ఏ, సీ, ఈ, ఎల్, ఎన్, ఓ, ఎస్. ఆఖర్న జెడ్‌లు రెండు, ఒకదాని నెత్తిన చుక్క, ఒకదాని నెత్తిన గీత. ఇక నాకు గుడ్డి దెబ్బల అవసరం లేదు. ఆ జాబితాలో లేనిది చూసి పెట్టుకుంటే సరి. ఎక్స్ పెట్టాను. దాన్ని చూస్తేనే తోకా చుక్కా పెట్టబుద్ధి కాదు.

జెడ్‌లు రెండున్నాయని నేను చూశాను. కీబోర్డు మీద జెడ్ మీట ఒక్కటే ఉందనీ నాకు తెలుసు. ఒక మీట మీద రెండు అక్షరాలు ఎలా పడతాయి, రెండోది ఎక్కడికి పోయి పడుతుంది అని మాత్రం అడగలేదు. పద్నాలుగేళ్ళ టెస్టర్‌ని.

బుధవారం, గురువారం పట్టిక లేవలేదు. మా ఆవిడ చకచకా కొట్టుకుపోయింది. మధ్యాహ్నం తను నిద్రపోయాక, మామగారు వరండాలో కునుకు తీస్తుంటే, నేను తొంభై ఆరు నుంచి తొంభై ఎనిమిది దాకా చూసుకున్నాను. అడ్డదారి తొంభై ఏడు దగ్గరే జారుతున్నాడని తెలిసి అతని మీద జాలి కూడా పడ్డాను.

శుక్రవారం నాలుగున్నరకే గైడు వెళ్ళిపోయింది. అయిదింటికి ఆఫీసరమ్మ గొంతు స్పీకర్లోంచి వినపడింది. మా ఆవిడ మంచి చీర కట్టుకుంది, తెర కనపడుతుంది గాని మనిషి కనపడదని తెలిసి కూడా. నేను గిన్నెలు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మామగారు నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆఫీసరమ్మ ఆ భాషలో ఏదో చెప్తోంది, మా ఆవిడ కొడుతోంది. ఎల్‌లు వచ్చాయి, ఎస్‌లు వచ్చాయి, ఏ గొడవా లేదు. పేజీ నిండింది. నా ఛాతీ కూడా నిండింది. తర్వాత హోటల్లో దిగిన అతిథుల పేర్లు చెప్పసాగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో పేరు మధ్యలో మా ఆవిడ కుడి బొటనవేలు ఆల్ట్ మీదికి వెళ్ళింది. ఎడమచెయ్యి జెడ్ పక్కకి జరిగింది.

నెత్తిన గీత ఉన్న జెడ్‌ని ఎక్స్ మీట మీద పెట్టుకున్నారట ఆ దేశంవాళ్ళు. జెడ్ మీట చుక్క జెడ్‌కి సరిపోయింది కదా, రెండోదానికి పక్కిల్లు ఇచ్చారు. ఆ అక్షరం ఎప్పుడో గాని రాదట, అందుకే రెండు రోజులు బయటపడలేదు.

ఆఫీసరమ్మ కళ్ళ ముందు ఫిబ్రవరి నెల పరీక్షా ఫలితాలు లేచాయి.

మా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పదకొండేళ్ళ తర్వాత వచ్చిన పని నా గోళీల కిందపడి నలిగిపోతోందనిపించింది. నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ పట్టికని తెర మీంచి తీసెయ్యాలన్న ఒకే ఒక్క ఆలోచనతో, నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో మూడు మీటలూ నొక్కాను.

పట్టిక పోయింది. బాకా మోగింది. తెర నిండా గోళీలు దొర్లాయి. 'తొంభై తొమ్మిదో మెట్టుకు స్వాగతం' అని బంగారు అక్షరాలు ఊగుతూ లేచాయి.

మామగారు పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

మా ఆవిడ నా వైపు చూడలేదు. స్పీకరు వైపు వంగి ఆ భాషలో తాపీగా మాట్లాడటం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు మాట్లాడింది. అందులో నాకు అర్థమైన మాట ఒక్కటే, ఆల్ట్. అది ఏడెనిమిదిసార్లు వచ్చింది. అవతల ఆఫీసరమ్మ ఎవర్నో కేకేసింది, ఇంకో గొంతు వచ్చింది, మరో గొంతు వచ్చింది, ఉన్నట్టుండి అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. తర్వాత మెల్లగా ఒక మాట అని స్పీకరు కట్టేసి కుర్చీ తిప్పింది.

"ఉద్యోగం..." అన్నాను.

"వచ్చింది."

నేను అక్కడే నేలమీద కూర్చున్నాను.

"పద్నాలుగో పేజీలో వాళ్ళ షార్ట్‌కట్ల జాబితా ఉంది," అంది మా ఆవిడ. "కంట్రోల్, ఆల్ట్, ఎల్ నొక్కితే అతిథి గది ఖాళీ చేసినట్టు. ఆ దేశంలో సగం పేర్లలో ఆ ఎల్ ఉంటుంది. మనిషి పెట్టెలు పట్టుకుని రిసెప్షన్లో నిలబడి ఉంటాడు, అక్కడి అమ్మాయి అతని పేరు రాస్తుంటే పేరు పూర్తి కాకుండానే అతను వెళ్ళిపోయినట్టు నమోదవుతుంది. ఎస్ నొక్కితే దుప్పట్లు మార్చమని. ఓ నొక్కితే లిఫ్టు చెడిపోయిందని. ఒక పెద్దమనిషి ఇంటిపేరు రాస్తే హోటల్ సగం మూతపడుతుంది."

"నీకెలా తెలిసింది?"

"సోమవారం మీ పట్టిక లేచింది కదా. కుడి ఆల్ట్ కంట్రోల్ ఆల్ట్‌తో సమానమైతే, మీకు వచ్చిన తిప్పలు వాళ్ళకీ రావాలి కదా అనిపించి పద్నాలుగో పేజీ తీశాను. మీరు ఒక్కో అక్షరం మార్చారు, నాకు ఒక్కో తప్పు దొరికింది. గురువారం ఆమెకి రాశాను. నమ్మలేదు, కళ్ళతో చూస్తేగాని ఒప్పుకోనంది. వాళ్ళ సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేదాయె. ఇలా తిరగబడే ప్రోగ్రాం ఇంకోటి కావాలి." తెర మీది గోళీల వైపు వేలు చూపించింది. "మనింట్లో సిద్ధంగా ఉంది."

"అయితే ఆ నాలుగో పేరు?"

"పేర్లన్నీ నేనే పంపాను, వాటినే చెప్పమన్నాను."

"మరి ఎక్స్ అని..."

మామగారు పుస్తకం తిరగేసి చదివారు. "బుధవారం మూడింటికి. అల్లుడుగారు గోడ మీది కాయితం చూశారు. ఎడమచేతి ఉంగరపువేలు ఎక్స్ మీద ఆగింది. నవ్వుకున్నారు." పేజీ మడతపెట్టారు. "వరండాలోంచి కిటికీ బాగా కనపడుతుంది."

"పట్టిక ఒక్కటి చూపిస్తే చాలనుకున్నాను," అంది మా ఆవిడ. "గోళీలు మాత్రం మీ దయ. వాళ్ళకి అవే బాగా నచ్చాయి. ఇకనుంచి అనువాదంతోపాటు, ఏ మీట ఏ భాషవాళ్ళకి అడ్డం పడుతుందో చూసిపెట్టే పని కూడా నాకే ఇచ్చారు."

"అంటే టెస్టర్," అన్నాను నీరసంగా.

"అలాగంటారా? మీకే తెలియాలి."

అన్నీ ఒప్పేసుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. సెలవు పెట్టి ఇల్లు చూసుకున్నందుకు సంతోషించానంది. పరుపులు తిరగెయ్యడం బావుందంది. నాకే సిగ్గేసి, "ఆ ప్రోగ్రాం ఇప్పుడే తీసేస్తాను," అన్నాను.

"ఎందుకండీ, ఉండనివ్వండి. పనికొచ్చేదే కదా."

నిజం చెప్తున్నాను, ఆ రాత్రి నా భార్య మీద నాకు కొత్తగా ప్రేమ పుట్టింది. తొంభై తొమ్మిదో మెట్టు మీద కూడా.

శనాదివారాలు మామగారు మా ఇంట్లోనే ఉన్నారు. సోమవారం ఆఫీసు పని ముగించుకుని, మా ఆవిడ వంటింట్లో ఉండగా గోళీలు తీశాను. గోళీలు రాలేదు. బంగారు అక్షరాలు వచ్చాయి. 'నూరు మెట్లూ పూర్తయ్యాయి. ఇక మెట్లు లేవు. విజేత: మాస్టారు.'

ఆదివారం నేను బట్టలు ఆరేసి వచ్చేలోపు ఆయన కంప్యూటర్ ముందు ఊరికే కూర్చున్నారనుకున్నాను. ముప్పై ఏళ్ళ టైపు వేళ్ళు.

చెప్పుల చప్పుడైంది. అలవాటు చొప్పున మూడు మీటలూ నొక్కాను. పట్టిక లేచింది. ఎర్రక్షరాలు అవే, ఒకటి నుంచి ముప్పై దాకా తారీఖులూ అవే. పక్కన అంకెలు మాత్రం లేవు. ఒకటో తారీఖు, గిన్నెలు. రెండు, బట్టలు, గిన్నెలు. మూడు, కిటికీ ఊచలు, గిన్నెలు. నాలుగు, మూతలు వెతుకుట, గిన్నెలు. అలా కిందికంటా పోయింది.

మా ఆవిడ నా భుజం మీదుగా తెరలోకి చూసింది. చేతిలో టీ కప్పు లేదు.

"ఇదేమిటి?" అన్నాను.

"మీ పట్టికే. నెల పేరు మార్చనక్కర్లేదనిపించింది, ఏ నెలకైనా ఇదే కదా."

"రోజూ పనేనా? సెలవు లేదా?"

"ఉంది, ఆఖరి గడి చూడండి. ఒక్క రోజు కూడా వదల్లేదని మొదటి రోజునే చెప్పారుగా. అప్పటినుంచీ పాపం అనుకుంటూనే ఉన్నాను. అందుకని ఆ రోజు మీకు సెలవిచ్చాను."

ఆఖరి గడి చూశాను. 'ఫిబ్రవరి ముప్పై. పూర్తి విశ్రాంతి.'

లేచి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి ఫిబ్రవరి పేజీ తిప్పాను. వేలు పెట్టి ఒక్కో గడీ లెక్కపెట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.